మూడిళ్ళ గుమ్మం

నేను ఒక గుమ్మాన్ని. ద్వారబంధం, గడప, రెండు తలుపు రెక్కలు, అన్నీ కలిపి నేను. గోడ నేను కాదు, ఇల్లు నేను కాదు. ఈ తేడా ముందే తెలుసుకోండి. నా కథంతా గోడలు పోవడం, నేను మిగలడం.

నన్ను చేసింది మూలరేవు అనే బెస్తపల్లెలో పడవలు చేసే మేస్త్రి. ఆ ఊళ్ళో వేరే వడ్రంగి లేడు. పడవకి వాడగా మిగిలిన మద్దిచెక్కతో నన్ను బిగించి, పడవకి పూయగా మిగిలిన నీలం రంగు పూశాడు. చేస్తున్నంతసేపూ సణిగాడు. "నీళ్ళ మీద తేలని సరుక్కి ఇంత పనేంట్రా," అన్నాడు. ఇళ్ళకి నీళ్ళతో పనిలేదని మనుషులు నమ్మిన రోజులవి.

చేయించుకున్నవాడు పోలయ్య. వేటకెళ్ళేవాడు. అతని భార్య సత్తెమ్మ నా గడపకి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, పిల్లల్ని నామీద కూర్చోవద్దని తిట్టి, తనే రోజంతా కూర్చుని వలలు బాగుచేసుకునేది. మనుషులు నియమాలు పెట్టేది పక్కవాళ్ళకే.

అప్పట్లో మాకూ సముద్రానికీ మధ్య రెండు వీధులు, ఒక సరుగుడు తోట, వలలు ఆరేసుకునే ఇసుక దిబ్బ ఉండేవి. ముందు దిబ్బ పోయింది. తర్వాత తోట పోయింది. తర్వాత వీధులు పోయాయి. సముద్రం ముందుకొచ్చిందని పేపర్లో రాశారు, దానికేదో బుద్ధి పుట్టి నడిచొచ్చినట్టు. పైన ఎక్కడో ఓడల కోసం సముద్రంలోకి రాళ్ళగోడ తోసి, ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుకని ఆపేసిన పెద్దమనుషుల సంగతి రాయలేదు. మా ఊరికి రావలసిన ఇసుక అక్కడ ఆగిపోయింది. నీళ్ళు మాత్రం ఆగలేదు.

మూలరేవులో ఇల్లు పోతుందని తెలిస్తే ముందు దేవుడి పటం తీయరు, బియ్యం బస్తా తీయరు. గుమ్మం తీస్తారు. గోడని ఎవరూ మోసుకుపోలేరు. పైకప్పు తాటాకు ఎక్కడైనా దొరుకుతుంది. గుమ్మం తీసుకెళ్ళి వెనక వీధిలో నిలబెడితే అదే మళ్ళీ ఇల్లు, పేరు కూడా మారదు. పోలయ్య నన్ను అలా భుజాన వేసుకుని రెండుసార్లు వెనక్కి జరిగాడు. జరిగిన ప్రతిసారీ ఉప్పునీళ్ళకి కుళ్ళిన నా కాళ్ళు కోసి, తలుపుల అడుగు కోసి, గడపని పైకి బిగించారు. పుట్టినప్పుడు నేను ఆరడుగుల మనిషికి సరిపోయేదాన్ని. మూడో ఇంటికొచ్చేసరికి పోలయ్యే తల వంచి లోపలికి రావలసి వచ్చింది.

నోరుంటే చెప్పుకునేదాన్నని నేనెప్పుడూ అనుకోలేదు. నోరున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. పెద్ద ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు, అరిచారు, గొంతులు పోగొట్టుకున్నారు. ఒక దొర కారు దిగి, ఫొటో దిగి, ఇసుక బస్తాలు పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. ఆ బస్తాల్లో నింపిన ఇసుక మా ఒడ్డునే తవ్వారు.

మూడో ఇల్లు కూడా పోయింది. ఈసారి వెనక్కి జరగడానికి జాగా లేదు. వెనక రొయ్యల చెరువులున్నాయి, చుట్టూ ముళ్ళకంచె ఉంది. పోలయ్య నన్ను భుజాన పెట్టుకుని ఆ కంచె ముందు చాలాసేపు నిలబడ్డాడు. కాపలావాడు కుర్చీలోంచి లేవలేదు. చివరికి పోలయ్య కుటుంబానికి తుఫాను షెల్టరు వెనక ఒక రేకుల గది ఇచ్చారు. దానికి ముందే ఒక రేకు తలుపుంది. నాకక్కడ పని లేదు. పట్నంలో పాత కలప అమ్మే అడితిలో నన్ను అమ్మేశారు. సత్తెమ్మ నా వంక చూడకుండా, గోడ వంక చూస్తూ, బేరం అయ్యేదాకా నిలబడింది.

అడితిలో ఎన్నాళ్ళున్నానో తెలీదు. కిటికీలు, మంచం కోళ్ళు, విరిగిన ఉయ్యాల బల్ల, వీటి మధ్య బోర్లా పడి ఉన్నాను. అక్కడికే ఒకరోజు రాజేశం వచ్చాడు.

రాజేశం బొగ్గుబాయిలో పని చేసి రిటైరైనవాడు. గనిలో కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం అతని పని. దుమ్ము మింగి మింగి ఛాతీ పాడైంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆగి గాలి పీల్చుకోవాలి. సముద్రపు గాలి మంచిదని ఎవరో డాక్టరు అన్నాడట. ఒకసారి మూలరేవు వచ్చి, చిన్న గది అద్దెకి తీసుకుని కొన్నాళ్ళు ఉన్నాడు. రాత్రుళ్ళు పడుకుని నిద్రపోగలిగాడు. అంతకుముందు కూర్చునే నిద్రపోయేవాడు. ఇక అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోవాలని పట్టుపట్టాడు. భార్య సారక్క అవుననలేదు, కాదనలేదు.

వాళ్ళకి చోటు చూపించింది సూరిబాబు అనే బ్రోకరు. రొయ్యలకి తెగులొచ్చి చెరువుల వ్యాపారం మునిగిపోతే, వాటిని మట్టితో పూడ్చి, ముగ్గుతో గీతలు గీసి, సీ వ్యూ ప్లాట్లని బోర్డు పెట్టారు. పోలయ్యని రానివ్వని కంచె లోపలి భూమి అదే. "సముద్రం కోసం మీరు నడవక్కర్లేదండీ, అదే మీ ముంగిట్లో ఉంటాదండీ," అన్నాడు సూరిబాబు. అతను చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే. రాజేశం అడ్వాన్సు ఇచ్చేశాడు. రిజిస్ట్రేషనుకి ముందే తొందరపడి ఇంటికి గుమ్మం వెతుక్కుంటూ అడితికొచ్చాడు.

నన్ను లేపి నిలబెట్టాడు. మడిచిన వేలితో పైనించి కిందిదాకా కొట్టుకుంటూ, చెవి ఆనించి విన్నాడు. గనిలో కప్పుని అలా కొట్టి విని లోపలికెళ్ళే మనిషి.

"ఇనుము దిమ్మె చెప్పకుండ కూలుతది సారక్కా. కట్టె గట్ల కాదు. కూలేముందు మూలుగుతది, ఉరుకుమంటది. నన్ను కట్టెనే బతికిచ్చింది."

"అయితే ఈ కట్టె ఏమంటున్నదో అడుగు," అంది సారక్క.

నేను ఏమీ అనలేకపోయాను. చెక్క మూలిగేది పైనుంచి బరువు పడితే. సముద్రం పైనుంచి పడదు, కింద నేలని లాక్కుపోతుంది. చెక్కని అంత నమ్మిన మనిషి నా ఛాతీకి చెవి పెట్టి నిలబడ్డాడు. మూడిళ్ళు మింగిన నీళ్ళు నాలో ఉన్నాయి, ఒక్క చుక్క చప్పుడు బయటికి రాలేదు.

పొట్టిగా ఉన్నానని సారక్క వంక పెట్టింది. రాజేశం నవ్వాడు. "పాతకాలపోళ్ళు తెలివిగల్లోళ్ళే. ఇంట్లకొచ్చేటోడు తల వంచి రావాలని గిట్ల చేయించేటోళ్ళు."

"ముప్పై ఏండ్లు బాయిల వంగినవ్. ఇగ ఇంట్ల గూడ వంగుతవా."

వంగుతానన్నాడు. ఆటోలో వేసి నన్ను మళ్ళీ మూలరేవు తెచ్చాడు. ఏ నేల నుంచి పారిపోయానో అదే నేలమీద, ముగ్గు గీతల మధ్య, ఒక కొబ్బరి మొక్కకి ఆనించి నిలబెట్టాడు. సముద్రం కనపడుతోంది. నేనున్నప్పటికంటే దగ్గరగా ఉంది.

అక్కడికి ఎండుచేపల బుట్టతో సత్తెమ్మ వచ్చింది. పోలయ్య వేట మానేశాక ఆమే ఎండుచేపలు అమ్మి ఇల్లు నడుపుతోంది. సారక్క చేపలు ఏరుతుంటే సత్తెమ్మ కళ్ళు నామీద పడ్డాయి. లేచొచ్చి నా గడప మీద చెయ్యి పెట్టింది. నాకు ఆశ పుట్టింది. నేను చెప్పలేనిది ఆమె చెప్తుంది కదా అని.

చెప్పలేదు. చేతిని కొంగుకి తుడుచుకుని మళ్ళీ బుట్ట దగ్గర కూర్చుంది. ఒకరి బేరం చెడగొట్టి ఊళ్ళో మాట పడటం ఎవరికి కావాలి? సూరిబాబు పండగల్లో వాళ్ళాయనకి కూలిపని చూపిస్తాడు. భయపడే మనుషుల్ని నేను తిట్టను. భయపెట్టినవాళ్ళని తిడతాను.

రాజేశం ఊరుకోకుండా తన జ్ఞానం ఆమెకీ చెప్పాడు, తల వంచి రావాలని పూర్వీకులు పొట్టిగా చేయించడం గురించి. సత్తెమ్మకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

"ఎవరండీ ఆ పెద్దలు? కోయించింది మా ఆయనే. కింద కుళ్ళిపోతా ఉంటే కోసుకుంటా వచ్చామండీ."

"ఎందుకు కుళ్ళింది?" అంది సారక్క.

సత్తెమ్మ నవ్వు ఆగిపోయింది. చేత్తో చూపించింది. "అదుగో, ఆ పడవ ఊగతందే, అక్కడ మా పొయ్యి ఉండేదమ్మా. అది రెండో ఇల్లు. మొదటిది ఇంకా లోపల. అక్కడికి మావోళ్ళు ఇప్పుడు వలేస్తారు."

రాజేశం అడిగాడు, ఒక్కో ఇల్లు ఎంతకాలం నిలిచిందని.

"మొదటింట్లో మా పెద్దోడు పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకున్నాడండి. రెండో ఇంట్లో ఆడి కూతురు పుట్టింది, నడిచింది. మూడో ఇంటికి రెండోసారి సున్నం వేద్దారనుకున్నాం. వెయ్యలేదు."

రాజేశం లెక్క చూసుకున్నట్టు సముద్రం వంక చూశాడు. గాలి పీల్చుకున్నాడు. "నాకు గంత కాలం సాలు," అన్నాడు.

సారక్క ఏరిన చేపల్ని బుట్టలోనే వదిలేసింది. "నీకు సాలు. నాకు?"

ఆ ప్రశ్న కొత్తదేం కాదు. ఇన్నాళ్ళూ ఆమె అవుననకుండా, కాదనకుండా ఉన్నది దాన్ని నోట్లో పెట్టుకునే. ఒక్కతే కూతురు, రెండు గదుల్లో అత్తమామలతో కాపురం చేస్తోంది. వీళ్ళ సొంతూరిని బొగ్గు కోసం తవ్వేశారు. ఇల్లుండే చోట ఇప్పుడు లారీలు తిరిగే గొయ్యి ఉంది. అక్కడ అద్దె గదిలో ఉంటే దుమ్ముకి భర్త ఎక్కువకాలం బతకడు. ఇక్కడుంటే అతను బతికినన్నాళ్ళు బతుకుతాడు, ఆ తర్వాత నీళ్ళ ఒడ్డున ఆమె ఒక్కతే. దీన్ని మనుషులు నిర్ణయం అంటారు. రెండు పక్కలా గొయ్యి తవ్వి, మధ్యలో నిలబెట్టి, ఎందులో పడతావో నీ ఇష్టం అన్నాక, ఆ ఇష్టానికి సంతకం కూడా పెట్టించుకుంటారు.

రెండ్రోజులు ఆమె నా దగ్గరికొచ్చి కూర్చుంది. నా కోసిన అడుగు తడుముతూ కూర్చుంది. మూడో రోజు రాజేశంతో చెప్పింది.

"ఉందాం. నీ రొమ్ము ఇక్కడ్నే మంచిగున్నది, నేను చూస్తున్న. గానీ జాగ కొనేది లేదు, కిరాయికి తీస్కుందాం. సిమెంటు వద్దు, తాటాకు సాలు. ఉన్న నాలుగు పైసలు నా పేరు మీద ఉండాలె. గోడలు సముద్రం తీస్కపోతె పోనియ్. గుమ్మం నాది."

సూరిబాబు వచ్చి అరిచాడు. అడ్వాన్సు తిరిగిరాదన్నాడు. "ఆడోళ్ళ మాట ఇని అవకాశం వదులుకున్నారండీ మీరు," అన్నాడు. రాజేశం, "అవునయ్యా, జల్దిగ బుద్ధొచ్చింటే అడ్వాన్సు గూడ మిగులుతుండె," అన్నాడు. ఆ వాక్యానికి రెండుసార్లు ఆగి గాలి పీల్చాల్సొచ్చింది.

కిరాయికి తీసుకున్న జాగాలో మట్టిగోడలతో తాటాకు ఇల్లు లేచింది. నన్ను నిలబెట్టేటప్పుడు సత్తెమ్మ వచ్చి తాపీమేస్త్రిని పక్కకి జరగమంది. "సిమెంటుతో పట్టించకయ్యా. ఇక్కడెవరూ అలా చెయ్యరు. సముద్రం వచ్చిన రోజు ఊడి రాదు." చెక్క చీలలు దించి నన్ను బిగించింది రాజేశమే. దుంగ కింద చీల కొట్టడం అతనికి అన్నం తినడంతో సమానం. ఆ పూటంతా దగ్గలేదు.

వర్షాలు మొదలయ్యాక అతను మంచం దిగడం తగ్గింది. గాలి కూడా ఇక సరిపోవడం లేదు. ఒక పగటిపూట సారక్కని పిలిచి సుత్తి తెమ్మన్నాడు.

"మొదాలు పై చీల కొట్టకు. కింది ఎడమది. కొట్టినంక పక్కకు జరుగు, ఎదురుంగ ఉండకు. బాయిల కొత్తోళ్ళు ఎదురుంగ నిలబడే సచ్చేటోళ్ళు."

"ఇప్పుడెందుకు, వాన పడ్తున్నది."

"ఆ దినం నేనుండ."

ఆమె కొట్టింది. మొదటి దెబ్బ గురి తప్పి గడప చెక్క లేచింది. రెండో దెబ్బకి చీల కదిలింది. ఒకదాని తర్వాత ఒకటి, అతను మంచంలోంచి చెప్తుంటే, ఆమె ఊడగొట్టింది. చప్పుడు విని వచ్చిన సత్తెమ్మ నా ఇంకో పక్క పట్టుకుంది. నేను గోడలోంచి సులువుగా, పన్ను ఊడినంత చప్పుడు కూడా లేకుండా వచ్చేశాను. ఇద్దరూ నన్ను మోసి రోడ్డు దాకా తీసుకెళ్ళి చూశారు. బరువు మోయగలిగారు. చాలు, తిరిగి పెట్టేద్దామంది సత్తెమ్మ.

వెనక్కి తిరిగితే గోడ మధ్యలో పెద్ద ఖాళీ. అందులోంచి సముద్రం మీది గాలి నేరుగా మంచం దాకా వెళ్తోంది. రాజేశం కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా పీలుస్తున్నాడు. ఆ ఇంట్లోకి వచ్చాక అంత గాలి అతనికి అందలేదు.

"గట్లనే ఉండనీ కొద్దిసేపు," అన్నాడు.

సారక్క నన్ను దించలేదు, లోపలికి తేలేదు. వానలో, ఒక భుజం మీద నా బరువుతో, అతని ఛాతీ లేచి పడటం చూస్తూ రోడ్డు మీదే నిలబడింది. సత్తెమ్మ రెండోపక్క పట్టు వదల్లేదు. నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. నాకు ఆనుకోవడానికి ఏ గోడా లేదు.