భోజనాల వేళ సీరియల్

టీవీ చానల్లో ఏ కార్యక్రమం ఏ వేళకు రావాలో తేల్చేది ఆమె అక్క భర్త. ఆయన మాటకు తిరుగులేదు. ఆమె అక్కడే ఎడిటర్. బావగారి కింద ఉద్యోగం కత్తి మీద సామని తల్లి ముందే చెప్పింది.

అంతరిక్ష నౌకలో చిక్కుకున్న ఒక కుటుంబం కథ ఆ సీరియల్. పిల్లలు పడుకున్నాక వేయడానికి తీసింది. రేటింగు కోసం ఆయన దాన్ని ఉన్నట్టుండి భోజనాల వేళకు జరిపాడు.

“బావగారూ, ఇవాళ్టి భాగంలో మరమనిషి ఆ తల్లి గొంతు నులుముతుంది. పిల్లలు కంచాల ముందు కూర్చునే వేళ. ఒక్క పూట ఆగండి, కత్తిరించి ఇస్తాను.”

“కత్తిరిస్తే ఇంకేముంటుంది, చప్పిడి కూడు! ఉన్నదున్నట్టు వెయ్యి.”

వేసింది. ఊరంతా పిల్లలు జడుసుకున్నారు. తల్లిదండ్రులు గేటు ముందు గొడవ చేశారు. బావగారు కెమెరాల ముందుకొచ్చి, “మా ఎడిటర్ నిర్లక్ష్యం. ఉద్యోగంలోంచి తీసేశాం,” అన్నాడు. పక్కనే నిలబడ్డ ఆమె వంక చూడనైనా చూడలేదు.

ఆమె ఏడవలేదు. పోటీ చానల్లో చేరింది; అక్కడ ఎడిటింగుతో పాటు వేళలు తేల్చే పనీ ఆమెకే ఇచ్చారు. ఆయన తీరు ఆమెకు కొట్టినపిండి: రేటింగు తగ్గితే రక్తం పెంచుతాడు. అందుకే సరిగ్గా ఆ వేళకే తనూ ఒక సీరియల్ వేయించింది. చందమామ మీద కాపురం పెట్టిన అత్తాకోడళ్లు, వాళ్ల తగవులు తీర్చలేక తల పట్టుకునే మరమనిషి. ఇంటిల్లిపాదీ ఇటు తిరిగారు.

ఆయన నౌకలో ఇంకో ఇద్దరిని చంపించాడు. చూసేవాళ్లు ఇంకా తగ్గారు. వేళ మార్చాడు; ఆమె కూడా మార్చింది. ఆయన ఎటు జరిగితే అటు, నీడలా. చివరికి నౌకలో చంపడానికి మనుషులూ మిగల్లేదు, ప్రకటనలిచ్చేవాళ్లూ మిగల్లేదు. యజమాని ఆయన్నే కెమెరా ముందు నిలబెట్టి, క్షమాపణ చెప్పించి ఇంటికి పంపాడు.

ఆ క్షమాపణను ఆమె ఆఫీసులో అందరి మధ్యా కూర్చుని చూసింది. ఆయన నీళ్లు నమిలిన చోటును వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

అక్క ఫోన్ చేసింది. “నీ కడుపుమంట చల్లారిందా? పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారే. ఆయన నీకు పరాయివాడా?”

“నన్ను గెంటేసిన రోజు నేను పరాయిదాన్నా అక్కా? అప్పుడు ఫోన్ చెయ్యలేదేం?”

అక్క మెల్లగా, “ఇక మా గడప తొక్కకు,” అంది.

ఆ మాట గుచ్చుకుంది. అయినా తప్పయిందన్న మాట ఆమె నోటిదాకా రాలేదు. “సరే,” అని ఫోన్ పెట్టేసింది. లేచి ఎడిటింగ్ గదిలోకి వెళ్లింది.