జుల్మానా సారు బిడ్డ

ఆళ్లగడ్డలో సంజీవయ్య అసలు పేరు చాలామందికి తెలియదు. పెద్దలకూ పిల్లలకూ ఆయన జుల్మానా సారు. బడి ఈడు పిల్లల్ని తప్పనిసరిగా బడికి పంపాలని సర్కారు చట్టం చేసింది కదా, ఇల్లిల్లూ తిరిగి ఆ చట్టాన్ని నడిపించే ఉద్యోగం ఆయనది. సొంతూరు నంద్యాల. భార్య ఆదిలక్ష్మమ్మనూ, ఒక్కగానొక్క కూతురు జయలక్ష్మినీ వెంటబెట్టుకుని వచ్చి బడి వెనక వీధిలో కాపురం పెట్టాడు. మనిషి చెడ్డవాడా అంటే కాదు. లంచం ముట్టడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ పిల్లో పిల్లవాడో బడి ఎగ్గొట్టారా, ఇంకేముంది! అమ్మానాన్నల మీద నోటీసు, నంద్యాల కోర్టు, జుల్మానా. ఆయన దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు.

ఆయనకు అసలు తలనొప్పి పారువేట రోజుల్లో. కనుమ వెళ్ళగానే అహోబిలం నరసింహస్వామి తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి పల్లకి ఎక్కి కొండ దిగుతాడు. నెల దాటినా తిరుగుతూనే ఉంటాడు, ఊరు తర్వాత ఊరు. అప్పుడు చూడాలి జనాన్ని! సద్ది మూటలు కట్టుకుని, బండ్లు పూన్చుకుని, పిల్లాజెల్లాతో సహా స్వామి వెనక పోవడమే. ఏ ఊళ్ళో చుట్టాలుంటే ఆ ఊళ్ళో దిగడం, తినడం, మళ్ళీ బండెక్కడం. బడి మాత్రం బోసిపోయేది. “దేవుడు పెండ్లికి పిలుస్తాండాడు గానీ బడి మాన్పియ్యమని చెప్పలేదు గదప్పా!” అని సంజీవయ్య గొంతు చించుకునేవాడు. వినేదెవరు?

అలా పోయినవాళ్ళలో రంగయ్య ఒకడు. అతను పోక తప్పదు, స్వామి పల్లకి మోసే బోయీ. తాతల నాటినుంచీ ఆ ఇంటివాళ్ళ భుజాలు ఆ పల్లకి దండె కిందే అరిగిపోయాయి. రంగయ్యకూ గోవిందమ్మకూ చాలా ఏళ్ళు పిల్లలు లేరు. ఒక పారువేటలో గోవిందమ్మ తల వంచి పల్లకి కింద దూరి మొక్కుకుంది. ఆ మీదట కొడుకు పుట్టాడు. స్వామి పేరే పెట్టుకున్నారు, ఓబులేసు అని. మొక్కు ప్రకారం వాడు మీసం వచ్చేదాకా ఏటేటా పల్లకి కింద దూరాలి. బోయీలు దండెను భుజం మీదనుంచి ఇంకాస్త పైకెత్తి పట్టుకుంటే పిల్లవాడు ఈ పక్కనుంచి ఆ పక్కకు పోవాలి, అంతే. తండ్రి దండె పట్టి, తల్లి చెయ్యి పట్టి, ఆ బిడ్డను ప్రతి ఏడూ అలా దాటించుకునేవారు.

వాడు బడిలో చేరిన ఏడు కూడా వెంట తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి నోటీసు గుమ్మంలో ఉంది. రంగయ్య కోర్టు మెట్లెక్కాడు, పాలిచ్చే మేకను అమ్మి జుల్మానా కట్టాడు. ఆ మరుసటి ఏడు భయపడి కొడుకునూ పెళ్ళాన్నీ ఇంట్లోనే వదిలి ఒక్కడే పోయాడు. ఎలాగూ పల్లకి ఆళ్లగడ్డకు వస్తుంది కదా, అప్పుడు దాటించుకుందాంలే అనుకున్నారు పాపం.

పల్లకి వచ్చింది. బడి ఉన్న రోజే వచ్చింది. డప్పులు వినపడగానే గోవిందమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి బడి వాకిట్లో నిలబడింది.

“సార్, ఒగ్గడియ. దూరిచ్చి మళ్ళా తెచ్చి నీ కాడ వదిలి పోతా.”

“ఒగరికిస్తే అందరూ అడగతారమ్మా. బడి వదిలినాక తీసుకపో.”

“అంతసేపు సామి ఉండడు సార్. ఒగసారి ఊరు దాటినాడంటే మళ్ళా ఏటికే గదా!”

“అయితే మళ్ళా ఏటికే దూరుతాడులే,” అన్నాడు సంజీవయ్య. నవ్వుతూనే అన్నాడు. వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. లోపల ఓబులేసు కిటికీ దగ్గరికి పోయి, డప్పులు దూరమయ్యేదాకా కమ్మీ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఎండలు ముదరకముందే ఆ పిల్లవాడు పోయాడు. జ్వరం తలకెక్కింది, బస్సులో నంద్యాల ఆసుపత్రికి చేర్చేలోపే తల్లి ఒళ్ళో కళ్ళు తేలేశాడు. మలేరియా అన్నారు. మలేరియానే అని సంజీవయ్యకూ తెలుసు. ఊరు మాత్రం మలేరియా అనలేదు.

పూడ్చిపెట్టిన మరునాడు పొద్దున్నే గోవిందమ్మ బడికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాడు సంజీవయ్య. తిట్టినా బాగుండేది! ఆమె వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి మెల్లగా అడిగింది.

“సార్, మావోడు ఇంగ బడికి రాడు. జుల్మానా ఏమన్నా ఏస్తారా?”

సంజీవయ్య లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆనాటినుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. బోయీల వీధికి పోవడం మానేశాడు. బడిలో కిటికీ పక్కన ఓబులేసు కూర్చునే చోట ఏ పిల్లలూ కూర్చునేవారు కారు, కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, అయినా ఆ కాస్త నేలనూ వదిలేసి ఇరుగ్గా సర్దుకునేవారు. ఆయన దానివైపు చూడకూడదు అనుకునేవాడు, చూసేవాడు. సందెవేళ ఇంటికి పోతుంటే వెనక చిన్న కాళ్ళ చప్పుడు. తిరిగి చూస్తే ఖాళీ వీధి. చదువుకున్నవాడు, దయ్యాలూ భూతాలూ అంటే వెక్కిరించేవాడు, అలాంటి మనిషి చీకటి పడకముందే ఇల్లు చేరుకోవడం మొదలుపెట్టాడు.

మళ్ళీ పారువేట రోజులు వచ్చాయి. దానికి కాస్త ముందే జయలక్ష్మికి జ్వరం పట్టుకుంది. పగలంతా బాగానే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. నంద్యాల డాక్టరు మాత్రలిచ్చాడు, తగ్గుతుందన్నాడు. తగ్గలేదు. ఒక సాయంత్రం పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. గుమ్మం వైపు చూసి నవ్వింది.

“వస్తాండా ఓబులేసూ, ఉండు,” అంది.

ఆదిలక్ష్మమ్మ పిల్లను పొదివి పట్టుకుని మొగుడి మీద విరుచుకుపడింది.

“ఇన్నావా? ఇన్నావా నీ చెవులతో? ఆ పిల్లోడు నా బిడ్డను పిలుస్తాండాడు! రేపు వారం పల్లకి వస్తాది. దీన్ని దూరిచ్చుకొని వస్తా. నువ్వేమన్నా చెప్పు, నేను ఇనను.”

“బడి రోజది.”

“మట్టిగొట్టుకపోనీ నీ బడి!”

“ఆదిలచ్చిమీ, ఊరందరికీ లేని సెలవు నా బిడ్డకిస్తే నా మొగాన ఉమ్మరా? ఆ గోవిందమ్మ మొగం నేనెట్ల చూసేది?”

“బిడ్డ పోతే నా మొగం ఎట్ల చూస్తావ్?” అంది ఆమె. భయం సంజీవయ్యకూ ఉంది. అయినా మొండివాడు. మరునాడు బోయీల వీధి తప్ప మిగతా వీధులన్నీ తిరిగి చెప్పి వచ్చాడు, పల్లకి వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు నంద్యాల కోర్టులో కనపడతారని.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలందరూ బడిలో ఉన్నారు. ఏ తల్లీ ధైర్యం చేయలేదు. జయలక్ష్మిని కూడా చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు, పగలు జ్వరం రాదు కదా అని. పోయినేడు నిలబడ్డ చోటే, వాకిట్లో, అడ్డంగా నిలబడ్డాడు. ఊరి చివర డప్పులు మొదలయ్యాయి. లోపల పిల్లలు పలకల మీదనుంచి తలెత్తకుండా వింటున్నారు.

వెనకనుంచి ఎవరో ఆయన చొక్కా పట్టుకుని లాగారు. చూస్తే జయలక్ష్మి.

“జరుగు నాయనా. పోతా. పిలుస్తాండాడు.”

“ఎవరే? ఎవరు పిలుస్తాండేది?”

పిల్ల చెప్పలేదు. కళ్ళు ఆయన్ని చూడటం లేదు. నుదుటి మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. పట్టపగలు! సంజీవయ్యకు ఇంకేమీ గుర్తు రాలేదు. చట్టం లేదు, కోర్టు లేదు, గోవిందమ్మ ముఖం లేదు. కూతుర్ని ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

పల్లకి కోమట్ల అంగళ్ళ ముందు ఆగి ఉంది. ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో నిలబడి ఉన్నారు, ఒక్కరి పక్కనా బిడ్డ లేదు. ముందు దండె కింద రంగయ్య. జుల్మానా సారు ఒట్టికాళ్ళతో, బడి ఈడు పిల్లను భుజాన వేసుకుని రావడం చూసి డప్పులవాళ్ళు కొట్టడం ఆపేశారు. సంజీవయ్య పోయి రంగయ్య ఎదుట నిలబడ్డాడు. ఏదో అనాలనుకున్నాడు. “నా బిడ్డ... రంగయ్యా...” అన్నాడు, అంతే వచ్చింది.

రంగయ్య పిల్లను చూశాడు, ఆయన్ని చూశాడు.

అంతలో ఆడవాళ్ళలోనుంచి ఒకామె కేక పెట్టింది. “ఓయమ్మో, సారే బిడ్డను తెచ్చినాడు! ఇంగ మనకేందే బయం? పదండే, బిన్నా పదండి!” ఇక ఆపేదెవరు! హారతి పళ్ళేలు ఎక్కడివక్కడ కింద పెట్టి, కొంగులు దోపుకుని, తల్లులంతా బడి వైపు పరుగు తీశారు. ఆ పరుగులో అందరికంటే ముందు ఉన్నది గోవిందమ్మ.

సంజీవయ్య చూశాడు. రంగయ్యా చూశాడు. పెళ్ళాన్ని పిలవబోయి ఊరుకున్నాడు.

తల్లులు పిల్లల్ని చేతులు పట్టి లాక్కొచ్చారు. బోయీలు దండె ఎత్తారు. పిల్లలు ఒకరి వెనక ఒకరు తలలు వంచి దూరుతుంటే, తల్లులు ఆ పక్క ఎదురుపోయి ముద్దులు పెట్టుకుంటున్నారు. కొందరు ఏడుస్తున్నారు. సంజీవయ్య పక్కకు జరిగి అందరికీ దారిచ్చాడు. తన వంతు చివరనే అనుకున్నాడు. ఎవరూ ఆయన్ని రమ్మనలేదు.

అందరూ అయిపోయాక గోవిందమ్మ వచ్చింది. నిదానంగా వచ్చింది. ఎడమ చెయ్యి పక్కకు కాస్త కిందికి చాచి ఉంది, వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. ఆ చేతి కింద ఏమీ లేదు. జనం పక్కకు తప్పుకున్నారు, ఒక మనిషికి సరిపోయేంత కాదు, ఇద్దరికి సరిపోయేంత. ఒక్కరూ నవ్వలేదు.

“సారు పంపిచ్చినాడు,” అంది ఆమె మొగుడితో. “లేటయిందా?”

రంగయ్య “లేదులే. రాండి,” అన్నాడు. పక్కనున్న బోయీలతో, “ఎత్తండ్రప్పా. ఇంగా ఎత్తండి,” అన్నాడు. బోయీలు ఇంకా పైకెత్తారు. గోవిందమ్మ తల వంచింది, ఆ ఎడమ చేతిని ముందుకు నడిపించింది, దాని వెనక తను దూరింది. రంగయ్య కళ్ళు గట్టిగా మూసుకుని దండె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆ పక్క తేలాక కూడా దించలేదు.

“రా సార్,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “బుజం లాగతాండాది. నీ బిడ్డను తీసుకొని రా.”

సంజీవయ్య ఎలా వంగాడో, ఎలా దూరాడో ఆయనకే తెలియదు. తలెత్తేసరికి ఎదురుగా గోవిందమ్మ. జయలక్ష్మి తండ్రి భుజం మీద వాలి ఉంది, “ఓబులేసూ, ఉండు, వస్తాండా” అని గొణుగుతోంది. ఆ పేరు గోవిందమ్మ విన్నది. దగ్గరికి వచ్చి పిల్ల నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. ఆమెకు ఆ వేడి కొత్తది కాదు.

సంజీవయ్య “తల్లీ, తప్పయిపోయింది. నన్నేమన్నా చెయ్యి, నా బిడ్డను...” అన్నాడు.

గోవిందమ్మ ఆయన మాట వినడం లేదు. కిందికి వంగి, తన ఎడమ చేతి పక్కన ఉన్న ఖాళీతో మాట్లాడుతోంది. కోపంగా కాదు, తల్లులు అల్లరి పిల్లలతో మాట్లాడతారు చూడండి, అలా.

“చాల్లే నాయనా, పాపకు జరం వచ్చింది, చూడు. ఇంగ పిలవాకు. అదట్ల పడుకోనీ. నువ్వు నాతో ఇంటికి పోదువు రా.”

అని బోయీల వీధి వైపు తిరిగింది. మళ్ళీ డప్పులు మోగలేదు, ఎవరూ మోగించమనలేదు. సంజీవయ్య కూతుర్ని గుండెకు అదుముకుని చూస్తూ నిలబడ్డాడు. గోవిందమ్మ తొందరపడటం లేదు. పక్కన చిన్న పిల్లవాడు నడుస్తుంటే ఎంత మెల్లగా అడుగు వేయాలో అంతే మెల్లగా వేస్తూ పోతోంది.