పితికే వరుస

చేతికి తెలియనిది ఆ ప్లేటుకెలా తెలిసింది? పేడ ఎత్తుతూ కొండమ్మ పొద్దుటి నుంచి అదే ఆలోచిస్తోంది. టేకులపల్లి శివారున నిర్మలాదేవి గారి కొట్టంలో పందొమ్మిదేళ్లుగా పాలు పితుకుతోంది. పొదుగు కాస్త వెచ్చబడినా, చన్ను గట్టిపడినా ఆవు కాలు విదిల్చే లోపే ఆమె వేళ్లు పసిగట్టేవి. "నీ చెయ్యి మంచిది" అని అత్త ఒక్కసారి అంది. ఆ మాట తప్ప తనదని చెప్పుకోవడానికి కొండమ్మకు ఇంకేమీ లేదు.

పొద్దున పశువుల దవాఖానా నుంచి వచ్చిన జైరాం నాలుగు గుంటల ప్లేటు తెచ్చి, ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పట్టించి, మందునీళ్లు పోసి తిప్పాడు. ఆరు ఆవుల్లో అన్నిటికన్నా ముసలిదైన పెద్దావు పాలు చూపుకు తెల్లగానే ఉన్నాయి. మూడు గుంటల్లో నీళ్లలా తిరిగాయి. నాలుగో దాంట్లో గంజిలా చిక్కబడ్డాయి. పొదుగువాపు లోపలే దాగుందన్నాడు. పెద్దావు తర్వాత పితికే రెండింటికీ అంతే. చివరి మూడూ బాగున్నాయి.

ఏ వరుసలో పిండుతున్నావని అడిగాడు.

"పెద్దదాన్నే ముందు పిండాలె గద సారూ. ఇంట్ల పెద్దోళ్లకు పెట్టకుండ పిల్లలకు పెడ్తమా?"

"పెద్దరికం ఆవులకు గూడనా, కొండమ్మా?" నవ్వి, గొంతు తగ్గించాడు. "దాని రోగం నీ చేతులే మోసినయి. జబ్బుదాన్ని ఆఖరుకు పిండు. ఒక్కోదానికి చేతులు కడుక్కో. మందేస్తే తగ్గుతది."

గడపలో నిలబడ్డ నిర్మలాదేవికి సగమే వినపడింది. జైరాం వెళ్లగానే, ముసలావే అన్నిటికీ అంటించిందనీ, ఇవాళే దాన్ని పశువుల బేరగాడికి తోలించేస్తాననీ అంది. కొండమ్మ తట్ట ఎత్తుకుని పేడకుప్ప వైపు నడిచింది.

మధ్యాహ్నం అరచేతులు వాసన చూసుకుంది. పాలు, గడ్డి, చిట్టు. రోగానికి వాసనే లేదు. తన చేతులే అంటించాయని చెబితే పని పోవచ్చు. పనయితే ఇంకోటి దొరుకుతుంది. చెయ్యి మంచిదన్న మాట పోతే?

మూడింటికి బేరగాడు వచ్చాడు. పెద్దావు వెనక్కి చూడనైనా చూడకుండా వాడి వెంట ములకలపల్లి దారి పట్టింది. కొండమ్మ చీపురు పట్టుకుని అట్లాగే నిలబడింది.

సాయంత్రం పాలవేళ ఆమె ముందున్న రెండు జబ్బు ఆవుల్నీ దాటి, కొట్టం చివరనున్న తొలిచూలు ఆవు దగ్గరికి వెళ్లింది. మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది.

"అటునుంచి మొదలెట్టావేంటే?" అంది నిర్మలాదేవి.

"ముసల్ది అంటియ్యలేదమ్మా. నా చేతులు అంటిచ్చినయి. పొద్దుగాల్నే చెప్పాల్సుండె."

నిర్మలాదేవి ఖాళీ దారివైపు చూసింది. కొండమ్మ కూర్చుని, చెంబు మోకాళ్ల మధ్య బిగించి, ఎన్నడూ లేనిది, తన వేళ్లను తనే అనుమానంగా చూసుకుంటూ పితకడం మొదలుపెట్టింది.

కొట్టం ఆ చివర, తొట్టిలో పెద్దావు సగం తిని వదిలిన చిట్టు ఇంకా తడిగానే ఉంది.