అన్నకు పెట్టని ఎడ

బ్యాంకాక్ చూపిస్తానని మా ఇరవై మందిని విమానం ఎక్కించినవాడు వై.ఎన్.హొసకోట ఊరాయన యోగానంద. పొద్దున బుద్ధుడి గుడి మెట్ల దగ్గర అందరినీ నిలబెట్టి లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి వచ్చింది. తల గోక్కుని మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఇరవై ఒకటే.

"ఇదేందప్పా, దావలో ఎవరినో ఎక్కించుకొచ్చినట్లుండాదే!" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. లెక్క రానివాడికి ఈ టూర్లెందుకని పైకే అనేశాను. నిజానికి అది కోపం కాదు, భయం. ఆ రోజు మహాలయ అమావాస్య.

మా అన్న నారప్ప గొర్రెలు కాసేవాడు. పోయాక మా ఊరు బలసముద్రంలో మా చేని మూలనే పూడ్చాం. ఏటా ఈ అమావాస్యకు ఆ సమాధి మీద రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి పోయినవాళ్ళకు పెట్టే ఎడగా పెట్టేవాళ్ళం. సోలార్ పార్కుకు భూమి గుత్తకిచ్చేటప్పుడు, ఆ మూలనేముందని సర్వేకు వచ్చినాయన అడిగాడు. సమాధి అంటే అంతమేర వదిలేసి గుత్త డబ్బు తగ్గిస్తారని, "ఏందో రాళ్ళకుప్ప సార్" అన్నాను. చదును చేసేశారు. ఇప్పుడక్కడ సోలార్ పలకలు, చుట్టూ కంచె. నన్ను కూడా లోపలికి పోనివ్వరు.

మధ్యాహ్నం నదిలో పడవ ఎక్కాం. రెండు ఒడ్డుల వెంటా అద్దాల మేడలు ఎండకు మెరుస్తుంటే మా చేనే కళ్ళలో మెదిలింది. తల దించుకున్నాను. పడవవాళ్ళు తలకొక ప్లేటు పెడుతూ మా బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ముందు కూడా ఒకటి పెట్టారు.

తలెత్తితే ఆ కుర్చీలో అన్న ఉన్నాడు. భుజాన అదే నల్ల గొంగడి, అదే గొర్రెల వాసన. ప్లేటులోని నూడుల్సు వైపు చూసి, నావైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

"కనపడతాండాడా?" అని నా భార్య పుట్టమ్మను అడిగాను.

"బావ పొద్దన్నించీ మనతోనే ఉండాడు. నువ్వే నోరు తెరుస్తావేమోనని ఊరకున్నా" అంది. సంచిలోంచి ఇంటినుంచి తెచ్చిన సజ్జరొట్టె, చెనిక్కాయల పొడి తీసి ఆ ప్లేటులో పెట్టింది.

"తప్పయిపోయిందన్నా. నిన్ను రాళ్ళకుప్ప అన్నది నేనే" అన్నాను. పక్క బల్లవాళ్ళు వింతగా చూశారు. చూడనీ.

అన్న రొట్టె ముట్టలేదు. నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాడు. బతికినన్నాళ్ళూ గొర్రెలకు గుక్కెడు నీళ్ళ కోసం ఊళ్ళు తిరిగినవాడు, అన్ని నీళ్ళు ఎన్నడూ చూసి ఉండడు.

ఒడ్డున దిగాక యోగానంద మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై. "ఇప్పుడు సరిపోయిందప్పా!" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పడవ అప్పటికే ఒడ్డు వదులుతోంది.

"అన్న దిగలేదే! ఉండు, పిలుచుకొస్తా" అని పరుగెత్తబోయాను.

పుట్టమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊరికి పిలుచుకపోయి యాడ కూర్చోబెడతావు?"