గట్టు అందని ఓడ

అస్ప్రోనీసి రేవు ఉత్తరానికి నోరు తెరుచుకుని ఉంటుంది. అక్కడ గట్టు కట్టించిన మహానుభావుడు వేసవి గాలి ఎటునుంచి వస్తుందో ఎవర్నీ అడిగినట్టు లేదు. ఆగస్టులో మెల్తెమి అనే ఆ ఉత్తరపు గాలి లేచిందంటే ఆ దీవికి ఓడ చేరడం దేవుడి దయ, కెప్టెన్ ధైర్యం.

ఆ ఆదివారం ఆ రెండిటి మీదా ఆశ పెట్టుకున్నవాడు, ఓడలో తాళ్ళూ లంగర్లూ చూసుకునే సరంగు నికిఫోరోస్. ఓడ వెనక కొసన, బండ్లూ మనుషులూ ఎక్కడానికి గట్టు మీదికి వాల్చే, సగం దించిన ఇనప తలుపు పక్కన, వాకీటాకీ గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. దీవిలో అతని కూతురు ఆంథీ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆస్పత్రికి చేర్చకపోతే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదమని అక్కడి నర్సు చెప్పింది. ఈ గాలికి హెలికాప్టర్ లేవదు.

చిన్న దీవుల ఆడపిల్లలు నెలలు నిండకముందే పెద్ద దీవికి వెళ్ళిపోయి ఆస్పత్రి దగ్గర గది తీసుకుని ఉంటారు. అది అక్కడి పద్ధతి. ఆంథీ మాత్రం ముందు వచ్చిన ఓడని వదిలేసింది. "నాన్న ఓడలోనే వస్తా, నాన్న చెయ్యి పట్టుకునే ఎక్కుతా" అని పంతం పట్టింది. ఫోనులో కేకలెయ్యాల్సిన తండ్రి మురిసిపోయాడు. ఆ మర్నాడే గాలి లేచి ఓడలన్నిటినీ రేవుల్లో కట్టేసింది. ఇవాళ పొద్దున గాలి తగ్గిందని వదిలారు గానీ, ఆ తగ్గడం కబుర్లలోనే తప్ప నీళ్ళ మీద కనిపించలేదు. మురిసిపోయినందుకు నికిఫోరోస్ తనని తాను తిట్టుకోని నిమిషం లేదు.

"సరంగన్నా, ఆ పిల్ల నీ కూతురని కెప్టెన్‌కి చెప్పెయ్యనా?" అన్నాడు తాళ్ళు చుడుతున్న అర్గీరిస్.

"నోరు ముయ్యి."

"అదేంటన్నా! కొత్తాయనైనా మంచోడు. వింటే కరిగిపోతాడు."

"అర్గీరిస్, ఆయన చెవిన పడిందో, నిన్ను నీళ్ళలోకి తోస్తా. తాళ్ళు చూసుకో."

కెప్టెన్ వ్రెత్తోస్ ఈ ఓడకి వచ్చి వారమే అయింది. గట్టు మీద ఒక గర్భిణి ఉందని రేవు వాళ్ళు ఆయనకి కబురు చేశారు. ఎవరి పిల్లో చెప్పలేదు. పై అంతస్తులో పిల్లాపాపలతో కూర్చున్న జనం శిలువ గుర్తు వేసుకుంటూ, కెప్టెన్‌ని నాయనా బాబూ అంటున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యే కదా. దిగాక టికెట్ ధర గురించి తిట్టిపోసేది కూడా వీళ్ళే.

లంగర్లు పడ్డాయి. ఓడ గట్టు వైపు వెనక్కి నడవసాగింది. పైన నిలబడ్డ కెప్టెన్‌కి ఓడ వెనక ఏముందో కనపడదు. సరంగు కళ్ళే ఆయన కళ్ళు.

"ఎంతుంది?" వాకీటాకీ అడిగింది.

"పన్నెండు మీటర్లు. నిదానంగా రండి... తొమ్మిది."

గట్టు మీద అల్లుడు మికేస్ ట్రక్కు కనిపించింది. వెనక పరుపు మీద ఆంథీ ముడుచుకుని ఉంది. నికిఫోరోస్ భార్య కిరియకూలా ఆమెని ఒడిలో పట్టుకుని కూర్చుంది. కూతురు తలెత్తి తండ్రిని చూసింది, చెయ్యి ఊపింది. నాన్న వచ్చాడు, ఇంక భయం లేదు అన్నట్టు ఊపింది. అతను చూపుని మళ్ళీ నీళ్ళ మీదికి తిప్పాడు.

"ఆరు."

అప్పుడే పెద్ద అల వచ్చి ఓడ కొసని మనిషెత్తు లేపింది. ఇనప తలుపు గాల్లోకి లేచి గట్టు అంచు మీద ధడేలుమని పడింది. రాయి పగిలి ముక్కలు ఎగిరాయి. గాలికి కొస గట్టు పక్కనున్న రాళ్ళ వైపు జరుగుతోంది. ఆ తలుపు కింద ట్రక్కు పెట్టినా, మనిషిని పెట్టినా పచ్చడే. ఓడ రాళ్ళకి తగిలితే పైనున్నవాళ్ళ సంగతేమిటి?

"సరంగూ! రమ్మంటావా, వద్దంటావా?"

రండి అంటే ఓడ వస్తుంది. ఒక్క మాట చాలు. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. తర్వాతి అల అదను ఇస్తుందేమో, దేవుడు చూస్తాడేమో. కూతురి చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.

అతను రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా పెట్టాడు. రేవుల్లో ఆ సైగ తెలియనివాళ్ళు లేరు.

"వద్దు కెప్టెన్. లాగెయ్యండి."

గట్టు మీద ఊగుతున్న చెయ్యి ఆగిపోయింది. కిరియకూలా గుండెలు బాదుకుంటూ ఏదో అరిచింది. గాలికి మాటలు అందలేదు గానీ, ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆమె తిట్లు అతనికి తెలియనివా?

ఓడ ముందుకి కదిలింది. కెప్టెన్ మండిపడ్డాడు.

"గట్టు మీద నొప్పులు పడుతున్న మనిషుందయ్యా! ఇంకోసారి చూద్దాం."

"ఎన్నిసార్లు చూసినా అంతే. రాళ్ళకి తగులుతాం."

"నీ కూతురే అయితే ఇలాగే చెప్తావా?"

అర్గీరిస్ చేతిలో తాడు జారిపోయింది. నికిఫోరోస్ వాకీటాకీ మీట నొక్కాడు.

"చెప్తాను."

అతనే మళ్ళీ అందుకున్నాడు. "దీవి వెనక గాలి చాటున మేకల రేవుంది. గట్టు కట్టకముందు అందరూ అక్కడినుంచి పడవలో వచ్చి ఓడ పక్క తలుపులోంచే ఎక్కేవాళ్ళు. మా అమ్మా అలాగే ఎక్కింది. మీరు ఓడని అడ్డం పెట్టి అలలు ఆపండి. పడవ వాళ్ళు తెస్తారు."

"మనిషి మధ్యలో పడిపోతే?"

"నేను పట్టుకుంటాను."

కెప్టెన్ "సరే, వాళ్ళకి కబురు పెట్టు" అన్నాడు.

మేకల రేవు చేరేసరికి ఆంథీని ఎక్కించుకుని మికేస్ చేపల పడవ అప్పటికే నీళ్ళలో ఉంది. చాటు అన్నమాటే గానీ అక్కడా పడవ లేచి పడుతూనే ఉంది. నికిఫోరోస్ పక్క తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడుముకి కట్టిన తాడుని అర్గీరిస్ వెనక నుంచి బిగపట్టాడు. నికిఫోరోస్ వాకీటాకీ మీట నొక్కి, అది అలాగే నొక్కుకుని ఉండేలా భుజం పట్టీ కింద బిగించాడు. కెప్టెన్‌కి ప్రతి మాటా వినపడాలి.

"మావయ్యా, లేపమంటావా?" మికేస్ అరిచాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఆగు! ఈ అల కాదు... ఆగు... ఇప్పుడు!"

పడవ లేచింది. చంకల కింద చేతులు వేసి కూతుర్ని లోపలికి లాగేశాడు. ఆమె పాదాల కిందనుంచే పడవ పాతాళానికి దిగిపోయింది. ఇద్దరూ ఇనప నేల మీద వెల్లకిలా పడ్డారు. ఆంథీ అతని చొక్కా వదల్లేదు.

"నన్ను చూసి కూడా చేతులు అడ్డం పెట్టావు కదా నాన్నా! నీ ఓడ కోసమే ఆగాను!"

నికిఫోరోస్ ఆమె జుట్టులోంచి ఉప్పునీళ్ళు తుడుస్తూ ఉండిపోయాడు. వాకీటాకీ మీట ఇంకా బిగిసే ఉందని అర్గీరిస్ గమనించి విడిపించాడు.

అందులోంచి కెప్టెన్ గొంతు సన్నగా వచ్చింది.

"సరంగూ... నీ కూతురా?"

"అవును."

"ముందే చెప్పాల్సిందయ్యా! నేనెలాగైనా ఓడని గట్టుకి చేర్చేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు, కెప్టెన్."

ఇంజన్లు హోరెత్తాయి. ఓడ పెద్ద దీవి వైపు తిరిగింది. ఆంథీ తండ్రి మొహంలోకి చూసింది, ఏదో అనబోయింది. అంతలో ఇంకో నొప్పి వచ్చింది. అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని వేళ్ళు విరిగేలా నొక్కింది. నికిఫోరోస్ చెయ్యి అలాగే ఇచ్చేశాడు.