మూత పెట్టిన గ్లాసు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది రుస్మియాతి, ఆమె కోడలు యూనీ, యూనీ చంకలో పాప, పంజరంలో గువ్వ, వరండా బల్ల దగ్గర తుమినీ. కొడుకు ఇటుకల బట్టీకి వెళ్ళాడు. గువ్వ ఒక్కటే మాట్లాడుతోంది.

తుమినీ పొద్దున్నే వీధుల్లో సోయా గింజలు పులియబెట్టి అరటాకుల్లో కట్టిన టెంపే అమ్ముకుని వచ్చింది. చేతులకు ఇంకా అరటాకు వాసన. పొట్టి మనిషి, గంప మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారింది. గంప దించాక ఊదారంగు ఆరోగ్య కార్యకర్త చొక్కా తొడుక్కుంటుంది. ఆ చొక్కా ఇస్త్రీ తానే చేసుకుంటుంది, మొగుణ్ణి ముట్టనివ్వదు. ఇదివరకు ఆమె పని పసిపిల్లల బరువు తూయడమే. వానలు మొదలైనప్పటి నుంచి ఆరోగ్య కేంద్రం వాళ్ళు కేన్సర్ రోగుల ఇళ్ళకు కూడా పంపుతున్నారు. మందుల గురించే కాదు, మనసెలా ఉందో కూడా అడగాలి.

"అడిగాక ఆగు తుమినీ. జవాబు వచ్చేదాకా నువ్వు మాట్లాడకు" అని నర్సు ఎందాంగ్ నేర్పింది. గలగలా వాగే తుమినీకి అదే కష్టమైన పాఠం.

"మనసెలా ఉంది, బూ?" అని అడిగింది. ఊరంతా రుస్మియాతిని గౌరవంగా అలాగే పిలుస్తుంది.

"ఏం లేదు."

ప్రతి వారం ఇదే మాట. ఎంత నొప్పి ఉన్నా 'ఏం లేదు' అనడమే అక్కడ మర్యాద. కేన్సర్ వచ్చి రొమ్ము తీసేశాక రుస్మియాతి ఇంట్లో వాళ్ళకూ అదే చెప్పింది. వాళ్ళు నమ్మారు. కానీ చుట్టుపక్కల రోగులను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే జీపు రెండుసార్లు ఆమె లేకుండానే వెళ్ళింది. ఈసారి కూడా తప్పితే వైద్యం సాగదని డాక్టరు చెప్పేశాడు. జీపు ఇంకాసేపట్లో వస్తుంది.

యూనీ టీ తెచ్చి, గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళింది. ఇంటావిడ 'తాగు' అనేదాకా అతిథి మూత తీయకూడదు. ఈ మధ్య రుస్మియాతి అనడం లేదు. ప్రతిసారీ టీ చల్లారిపోతుంది, తుమినీ దాహంతోనే లేచిపోతుంది.

తుమినీ ఆగింది. ఎండలో తిరిగిన గొంతు మాత్రం ఆగలేదు. తనకు తెలియకుండానే మూత తీసి గుటకేసింది.

రుస్మియాతి తలెత్తింది. "తాగమన్నానా?"

తుమినీ నోట్లో టీ అలాగే ఉండిపోయింది.

"నీ పెళ్ళికి ముస్తాబు చేసినప్పుడే అనుకున్నా, నీకు ఆత్రమెక్కువని. కాటుక పెడుతుంటే ఏడ్చి చెంపలన్నీ మసి చేసుకున్నావు."

"మీరు తలలో అన్ని పిన్నులు గుచ్చితే ఎవరేడవరు బూ!"

వంటింట్లో యూనీ కిసుక్కుమంది. రుస్మియాతి పెదవి కూడా కదిలింది. ఆ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళందరినీ సింగారించింది ఆమే. వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగితే గడ్డం పట్టుకుని పైకెత్తేది, జారనిచ్చేది కాదు. తుమినీ దగ్గరే అది కుదరలేదు.

తుమినీకి బోలెడు చెప్పాలనిపించింది. గ్లాసును పెదాలకు అడ్డం పెట్టుకుని ఆగింది.

"జీపులో ఏడుస్తానేమోనని భయం" అంది రుస్మియాతి. "చావంటే కాదు. పక్క ఊళ్ళవాళ్ళుంటారు. పెళ్ళినాడు వాళ్ళ కూతుళ్ళ నుదుటి మీద నలుపు దిద్దిన చేతులివి. వాళ్ళ ముందు ఏడవనా?"

"నేనూ వస్తా. మీకంటే ముందు నేనే ఏడుస్తా. అందరూ నన్నే చూస్తారు."

"ఆ పని నీకు బాగా వచ్చు."

"ఎందాంగ్ సిస్టరుకు చెప్పనా, బూ? జీపులో ఆవిడే ఉంటుంది."

రుస్మియాతి గువ్వ వైపు చూసింది. "చెప్పు. ఓపిక పట్టమని మాత్రం అనొద్దను. విని విని చెవులు అరిగిపోయాయి."

జీపు హారన్ వినిపించింది. తుమినీ పరుగున వెళ్ళి నర్సు చెవిలో చెప్పింది. రుస్మియాతి గోధుమరంగు బాటిక్ అద్దకం బట్ట కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, పెదాలకు కాస్త రంగు కూడా వేసుకుని వచ్చింది. మెట్టు తనే ఎక్కింది. నర్సు ఏమీ అనకుండా పక్కకు జరిగి చెయ్యి చాపింది. ఆమె పట్టుకుంది.

తుమినీ చొక్కా సర్దుకుని మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"నువ్వెక్కకు" అంది రుస్మియాతి. ఆమె కళ్ళు అప్పటికే తడిశాయి, గడ్డం మాత్రం పైకే ఉంది. "నువ్వు నిజంగానే ఏడుస్తావు. ఇంకో గ్లాసు పోయించా. వెళ్ళి తాగు."

జీపు తలుపు తుమినీ ముఖం మీదే వేసేసింది.

వరండా బల్ల మీద గ్లాసులో, మూత కింద, టీ ఇంకా వేడిగానే ఉంది.