అడగకుండా వేసిన చుక్కలు

పామర్రు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే తిరుపతిరావుకు రెండు వేల రెండు వేసవిలో గోడల అవతలి నుంచి మాటలు వినిపించడం మొదలైంది. తోటి మాస్టర్లు తన ఉద్యోగం ఊడగొట్టడానికి కూడబలుక్కుంటున్నారని నమ్మాడు. తిండిలో ఏదో కలుపుతున్నారని హోటల్లో టీ మానేశాడు. పక్కింటివాళ్ళు పంపిన కూర పారబోశాడు. విజయవాడ డాక్టరు సుస్మిత రాసిచ్చిన మాత్రలు కూడా ఆ కుట్రలో భాగమేనని కాలువలో విసిరేశాడు. ఒక్క సీతారావమ్మ చేతి ముద్దే తినేవాడు. ఆవిడ అతని అక్క, పదేళ్ళు పెద్ద. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. భర్త చనిపోయిన దగ్గర్నుంచీ తమ్ముడితోనే ఉంటోంది.

ఆ ఏడాది చివరికి మాటలు ఆగిపోయాయి. మనసు గట్టి చేసుకుని తనే గెలిచానని తిరుపతిరావు అనుకున్నాడు. మళ్ళీ బడికి వెళ్ళాడు. పదో తరగతి పిల్లలకు నాడీవ్యవస్థ పాఠం చెబుతూ, మనిషి గట్టిగా అనుకుంటే తన తలను తనే దారిలో పెట్టుకోగలడని చెప్పాడు. ఆ మాట అన్న రోజు ఇంటికి నడుస్తుంటే ఛాతీ నిండుగా అనిపించింది.

మరో ఏడాది గడిచింది. ఓ ఆదివారం అక్క బజారుకెళ్ళినప్పుడు ఇంగువ కోసం వంటింటి అలమర వెతికాడు. పప్పుల డబ్బా వెనక చుక్కల మందు సీసా దొరికింది. మీద చీటీ చదివాడు. తను కాలువలో పారేసిన మాత్రల్లోని మందే.

అక్క వచ్చేదాకా సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చూసి సంచీ దించింది. అబద్ధమాడలేదు. రోజూ పొద్దున మజ్జిగలో వేస్తున్నానంది. బంధువులు అతన్ని తాళ్ళతో కట్టి ఆస్పత్రికి తీసుకెళ్దామంటే తను ఒప్పుకోలేకపోయానంది.

"అందరూ నా తిండిలో ఏదో కలుపుతున్నారని ఏడిస్తే, అలాంటిదేం లేదురా అని తల నిమిరావు. కలిపింది నువ్వక్కా" అన్నాడు.

మర్నాడు బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సుస్మిత దాచలేదు. సీసా ఇచ్చింది తనేననీ, అతనికి చెప్పకుండా ఇవ్వడం తప్పేననీ ఒప్పుకుంది. అసలు తన తలలో ఏం జరిగిందని అడిగాడు.

"మెదడులో కొన్ని కణాలు పక్కవాటిని ఉసిగొల్పుతాయి మాస్టారూ. కొన్ని 'చాలు, ఆగు' అంటాయి. ఈ జబ్బులో ఆ ఆపే కణాలు సరిగా పనిచెయ్యవని కొందరు పరిశోధకులు అంటున్నారు. ఇంకా ఖాయం కాలేదండీ. ఈ చుక్కలు వాటిని బాగుచెయ్యవు. గోల తగ్గిస్తాయి, అంతే."

"అయితే నేను గెలవలేదన్నమాట."

ఆమె రోజుకెన్ని చుక్కలో చీటీ మీద రాసి అతని చేతికిచ్చింది.

తిరుగు బస్సులో కంకిపాడు దాటేదాకా అదే ఆలోచన. కణాలు మోసం చేశాయంటే సరిపెట్టుకోవచ్చు, వాటికి తనెవరో తెలియదు. అక్కకు తెలుసు. ఇన్నాళ్ళూ తనదనుకున్న ధైర్యంలో ఎంత తనదో, ఎంత సీసాదో ఇక ఎప్పటికీ తేలదు. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆవిడ చేసింది మంచికే. కోపమైనా తృప్తిగా రావడం లేదు.

మందు మానలేదు. తనే కొలుచుకుని వేసుకున్నాడు. జూన్‌లో కంకిపాడుకు బదిలీ పెట్టించుకుని గది అద్దెకు తీసుకున్నాడు. సామాను సర్దుతుంటే సీతారావమ్మ గుమ్మంలో నిలబడింది.

"మళ్ళీ మొదలైతే ఎవరు చూస్తార్రా?"

"నన్నడిగి ఉంటే బాగుండేదక్కా."

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

ఒప్పుకునేవాడు కాదని ఇద్దరికీ తెలుసు. అతను పరుపు చుట్ట భుజానికెత్తుకున్నాడు.

రెండేళ్ళకు ఓ వానాకాలం గోడలు మళ్ళీ గుసగుసలాడాయి. తిరుపతిరావు తనే విజయవాడ వెళ్ళి వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బయటికొచ్చాకే అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. తనకు ముందే ఎందుకు చెప్పలేదని ఆవిడ ఏడ్చింది. అతను ఫోన్ పెట్టెయ్యలేదు, ఓదార్చనూ లేదు. ఏడుపు ఆగేదాకా విని, ఆవిడ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు.